కప్పు కింద ఊపిరి

ఎండాకాలం వచ్చి పోశం సర్దారు పరువు కాపాడింది.

నవ్వులాటకు అంటున్న మాట కాదు. బెల్లంపల్లి అవతల ఎర్రగుంట బొగ్గుబాయి దగ్గర పనివాళ్ళ ఇళ్ళు నాలుగు లైన్లు. పగలంతా ఎండకు కాగిన పెంకులు పొద్దుగూకినా చల్లబడవు. చైత్రం వచ్చిందంటే చాలు, ముసలీ ముతకా, పిల్లా జెల్లా, లైనంతా నులక మంచాలు వాకిట్లోకి ఎత్తుకొచ్చేస్తారు. అందుకని ఆ రెండు మూడు నెలలూ పోశం బయట పడుకుంటే వేలెత్తి చూపినవాడు లేడు. అసలు ముచ్చట అంతకు ముందుది. పుష్యమాసం చలి ఎముకలు కొరికేస్తున్నప్పుడు కూడా అతని మంచం వాకిట్లోనే ఉంది. తిండి వాకిట్లో, స్నానం వాకిట్లో, పక్క వాకిట్లో. ఆ పక్కన ఇంకో మంచం మీద, రెండు గొంగళ్ళు కప్పుకొని, పళ్ళు టకటకలాడించుకుంటూ అతని భార్య దేవవ్వ.

"ఇంట్లకెందుకు రావయ్యా? ఇల్లేమన్న కరుస్తదా?" అని ఆమె అడగని రోజు లేదు.

"పైన కప్పున్నది" అనేవాడు పోశం. అంతకు మించి ఒక్క మాట రాలేదు ఆ నోట్లోంచి.

బొగ్గుబాయిలో సర్దారంటే కప్పు చూసే మనిషి. భూమి లోపల బొగ్గు తీసిన చోటల్లా నెత్తిమీద రాయి వేలాడుతుంటుంది. మందుపెట్టి పేల్చాక, కూలీలు పనిలోకి దిగకముందు, సర్దారు ముందుకు పోయి ఎడమచెయ్యి కప్పుకు ఆనించి, కుడిచేతి కర్రతో కొట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల నెర్రె విచ్చిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ రెంటికీ నడుమ తేడా ఒక్కోసారి వెంట్రుకవాసి. పోశం చెవి అంటే బాయి మొత్తానికి గురి. సిరిసిల్ల దిక్కు సాలెల ఇంట్లో పుట్టి, మగ్గం కూడు పెట్టక బాయికి వచ్చినవాడు. మగ్గం మీద ఆడే నాడె చప్పుడు వినే ఎక్కడో పోగు తెగిందని చిన్నప్పుడే చెప్పేవాడట. పద్దెనిమిదేళ్ళుగా "మంచిగున్నది, రాండ్రి" అని అతను అన్నాక ఏ కప్పూ కూలలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారికి సారయ్య పోయాడు.

సారయ్య అదే లైన్లో మూడో ఇంటివాడు. టబ్బుల్లో బొగ్గు నింపే పని అతనిది. పోశానికీ అతనికీ పదేళ్ళ దోస్తీ. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. సారయ్య ఎట్లాంటివాడంటే, చావింటికి పోయినా అక్కడ ఒకరిద్దరిని నవ్వించకుండా తిరిగి వచ్చే రకం కాదు. అట్లాంటివాడి మీద కార్తీకంలో కప్పు కూలింది. రెండడుగుల అవతల ఉన్న పోశానికి మోకాలు చీరుకుపోయింది, అంతే. మోకాలు పదిరోజుల్లో మానింది. చేతుల్లో వణుకు మాత్రం పట్టుకొని వదల్లేదు. కూచున్నా వణుకే, నిలబడ్డా వణుకే. ఎవరైనా వెనక తలుపు వేస్తే ఎగిరిపడేవాడు. గుండె దడదడ కొట్టుకునేది. నిద్ర అంటే ఏందో మరిచేపోయాడు. బాయిలోకి దిగే మాట అట్లా ఉంచి, దీపాలిచ్చే గదిలోకి కూడా అడుగుపెట్టలేకపోతే, పైన యార్డులో టబ్బులు నెట్టే పనికి వేశారు. ఆకాశం కింద పని కాబట్టి అది ఎట్లాగో నడిచింది.

డాక్టరు గుండె చూసి, కళ్ళు చూసి, "నరాల బలహీనత" అని ఎర్రమందు సీసా ఇచ్చాడు. సీసాలు మూడు అయిపోయాయి. దేవవ్వ పోచమ్మకు కోడి మొక్కింది. దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది. మొక్కుల దగ్గర కూడా ఇదే గొడవ, గుళ్ళోకి రమ్మంటే రాడు. పోచమ్మ గుడి మనిషి నడుమెత్తు ఉంటుంది, దాని కిందికి తల వంచడానికి కూడా చెమటలు పట్టాయి సర్దారుకు. మొక్కులన్నీ ఆమే తీర్చింది, ఆయన బజార్లో నిలబడి దండం పెట్టాడు.

ఇట్లా చూస్తుండగానే వైశాఖం సగం గడిచింది. ఒకనాడు పడమర దిక్కు మబ్బు చూసి దేవవ్వ మొగుడి మంచం దగ్గరికి వచ్చింది.

"ఇగ నెల దినాలైతె మిరుగు వస్తది. వానల గూడ గిట్లనే పంటవా?"

"పంట."

"నానుకుంట?"

"నానుకుంట. నువ్వు ఇంట్ల పండు."

"అబ్బో, శానా ఇగురం చెప్పినవ్. నువ్వు వానల నానుతుంటే నేను లోపట కాళ్ళు జాపుకొని పంటనా? నానితె ఇద్దరం నానుదం, పోతె ఇద్దరం పోదం!" అని చీర కొంగుతో ముక్కు చీదుకుంది దేవవ్వ. ఆమె ఏడుపు కూడా తిట్టినట్టే ఉంటుంది, పాపం.

హనుమంతు మాస్టరు సంగతి ఆమెకు చెప్పింది నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు. ఆయన బడిలో డ్రిల్లు మాస్టరు. సొంతూరు బాసర, గోదారి ఒడ్డు. మాటలో సగం మరాఠీ. రజాకార్ల గడబిడలో నిజాం సరిహద్దు దాటి అవతలి చాందాకు పారిపోయి, అక్కడి వ్యాయామశాలలో ఒక పెద్దాయన దగ్గర మూడేళ్ళు యోగం నేర్చుకొని వచ్చాడు. తెల్లారి బడి మైదానంలో, అడిగినవాళ్ళకల్లా నేర్పుతాడు. ఒక గుమాస్తా ఉబ్బసం తగ్గించాడని, ఒక ముసలామె వంగని మోకాళ్ళు వంచాడని పేరు. పైసా పుచ్చుకోడు. మనిషి బంగారం. ఏమాటకామాట చెప్పుకోవాలి కాబట్టి ఒక్కటి మాత్రం చెప్పాలి: మెచ్చుకుంటే ఉబ్బిపోతాడు. ఎవరైనా భళా అంటే ఆయన ఇంకో రెండు ఆసనాలు ఎక్కువ వేసి చూపిస్తాడు.

"కప్పు లేదు గద, మైదానమే గద, జర వచ్చి చూడు" అని దేవవ్వ బతిమాలితే పోశం వెళ్ళాడు.

మాస్టరు అతన్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. పోశం కళ్ళు మూయలేదు. ఆకాశం కేసి గుడ్లప్పగించి చూస్తూ పడుకున్నాడు. సరే, అది తర్వాత చూద్దామని లేపి కూచోబెట్టి ఊపిరి పట్టడం చెప్పాడు. "పీల్చు. ఆపు. నేను లెక్క పెడ్త. ఆపలేనప్పుడు ఇడువు."

కొత్తవాళ్ళు ఇరవై దాటరు. పోశం నలభై దాటాడు. అరవై దాటాడు. మాస్టరు కళ్ళు పెద్దవయ్యాయి. తొంభై దగ్గర ఆయనే భయపడి లెక్క ఆపేశాడు.

"అరె బాబా! చాందాల మా గురువుగారి తర్వాత గింత కుంభకం పట్టినోన్ని నేను చూడలే!" అని పోశం వీపు చరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా గుమిగూడి, సర్దారంటే సర్దారే అన్నారు. ఆరు నెలల్లో పోశాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మర్నాడు ఇంకాసేపు బిగబట్టాడు. ఆ మర్నాడు ఇంకాస్త. మాస్టరు శిష్యుడు దొరికాడని మురిసిపోయి పూటకు పన్నెండుసార్లు చేయించాడు. ఇంట్లో కూడా చెయ్యమన్నాడు. శిష్యుడు చెప్పినట్టే చేశాడు, పాపం.

పదోరోజుకు పోశం చేతిలో చెంబు నిలవలేదు. గుండె కుమ్మరి సారెలాగా తిరుగుతోందన్నాడు. నిద్ర ఉన్న ఆ కాస్తా పోయింది. పదకొండోరోజు పొద్దున్నే దేవవ్వ బడి మైదానానికి వచ్చింది. అప్పుడు మాస్టరు ఒంటికాలి మీద నిలబడి చేతులు జోడించి ఉన్నాడు. ఆమె ఆ కాలు దించేదాకా కూడా ఆగలేదు.

"ఓ సారూ! నీ యోగం గంగల కలువ! వణికే మనిషిని నీ తాన పంపితె ఊగే మనిషిని చేసి పంపినవ్! నిన్న బువ్వ ముద్ద నోట్లెకు పోలే, చెవులకు పోయింది. నీకు పుణ్యముంటది, నా మొగణ్ణి నాకు మొన్నటి తీరుగనన్న చేసి ఇయ్యి!"

మాస్టరు కాలు దించాడు. ముఖం చిన్నబోయింది. ఆమె వెనక నిలబడ్డ పోశాన్ని చాలాసేపు చూశాడు. చెంపలు పీక్కుపోయి, ఛాతీ బిర్రుగా, రాయిలాగా ఉంది. అది లేవడం లేదు, దిగడం లేదు.

"పోశం, బాయిల నువ్వు చేసే పని నాకు జర చేసి చూపియ్యి" అన్నాడు.

"ఈడ కప్పేది సారూ?"

"గోడ ఉన్నది గద. గోడనే కప్పనుకో."

డ్రిల్లు కర్ర ఒకటి చేతికిచ్చాడు. పోశం గోడ దగ్గరికి పోయి ఎడమ అరచెయ్యి రాతికి ఆనించాడు. తల కొంచెం పక్కకు వంచాడు. చిత్రం ఏమిటంటే ఆ క్షణం చేతుల్లో వణుకు లేదు. కర్రతో కొట్టి విన్నాడు. మళ్ళీ కొట్టి విన్నాడు. "గట్టిగున్నది" అని కర్ర దించాడు. మాస్టరు కర్ర కేసి చూడలేదు, చెయ్యి కేసీ చూడలేదు. పోశం పొట్ట కేసి చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి గోడకు ఆనినప్పుడు ఆగిన ఊపిరి, కర్ర దించినా, వెనక్కి తిరిగినా, మళ్ళీ మొదలు కాలేదు.

"ఊపిరి ఎందుకు పట్టినవ్?"

పోశానికి ప్రశ్నే అర్థం కాలేదు. "పట్టకుంటె ఎట్ల ఇనవడ్తది సారూ? ముక్కుల గాలి చప్పుడు కప్పు చప్పుణ్ణి మింగుతది. ఏ సర్దారైన పడ్తడు."

"ఎన్నేండ్ల సంది?"

"పద్దెనిమిది."

హనుమంతు మాస్టరు రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. "దేవా! మునిగేటోనికి నీళ్ళు తాపితినే!" అన్నాడు. అక్కడే, అంతమంది ముందు, దేవవ్వకు దండం పెట్టాడు. "తప్పు నాది, దేవవ్వా. ఈయనకు ఊపిరి పట్టుడు నేర్పిన నేను. ఈయన పద్దెనిమిదేండ్ల సంది అదే పని జేస్తుండు. కప్పు కూలినకాన్నుంచి ఇరవై నాలుగ్గంటలు అదే జేస్తుండు. ఊపిరి బిగవడితె నరాలన్ని గండం మీదికొచ్చిందనుకొని కొట్లాటకు తయారైతయ్. ఇడిస్తెనే వాటికి గండం పోయిందని సమజైతది. ఈయన నరాలకు ఆరు నెలల సంది ఆ కబురే పోలే."

దేవవ్వకు యోగం తెలియదు కానీ మగ్గం తెలుసు. ఆమె కూడా సాలెల ఆడబిడ్డే. "గిది నాకెరుకనే సారూ. పొద్దుమూకి మగ్గం దిగేటప్పుడు పడుగు వదులు చేస్తం. బిర్రుగనే ఇడిసిపెడితె తెల్లారేసరికి పోగులు తెగుతయ్" అంది.

"బస్, గదే! నాకంటె మంచిగ జెప్పినవ్" అన్నాడు మాస్టరు.

ఆ రోజు నుంచి ఆపడం బంద్. పీల్చడం ఎట్లా వస్తే అట్లా. వదలడం మాత్రం మెల్లగా, పొడుగ్గా, నోరు మూసుకొని తుమ్మెద ఝుమ్మన్నట్టు చప్పుడు చేస్తూ వదలాలి. చప్పుడు అయిపోయేదాకా వదలాలి. ఇంత సులువైన పని ఇంకోటి లేదు కదా. ఆరేళ్ళ పిల్లలు ఆడుకుంటూ చేస్తారు. పోశానికి అదే చేత కాలేదు. ఝుమ్మని మొదలయ్యేది, సగంలో గొంతు పట్టేసేది. మిగతా సగం ఊపిరి లోపలే ఉండిపోయేది. మూడు రోజులు అట్లాగే. నాలుగోరోజు మాస్టరు అతని వీపు మీద చెయ్యి వేసి, "మొత్తం ఇడువు పోశం, ఇంకా ఉన్నది లోపట, ఇడువు" అన్నాడు.

"ఇడువ" అన్నాడు పోశం.

"ఎందుకు?"

"ఇడిస్తె మీద పడ్తది."

అని, ముఖం చేతుల్లో దాచుకున్నాడు. మైదానంలో మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఎండ బడి గోడ దిగి కాళ్ళ దగ్గరికి వచ్చింది. మాస్టరు ఏమీ అడగకుండా పక్కనే కూచున్నాడు. ఆ మనిషికి మాట్లాడకుండా కూచోవడం కూడా వచ్చని అప్పుడే తెలిసింది.

చివరికి పోశమే చెప్పాడు. "ఆ దినం కప్పు కొడుతున్న. ఎనుక నిలవడి సారయ్య బావ ఒక మాటన్నడు. నాకు నవ్వు ఆగలే. పట్టిన ఊపిరి ఇడిసిన. కర్ర ఏం పలికిందో ఇనరాలే. మళ్ళ కొట్టాలె సారూ. కొట్టలే. నవ్వుకుంటనే మంచిగున్నదన్న. ఆయన రెండడుగులు ముందటికి వచ్చిండు. నవ్వు నాలుగిందాల చేటని మా అవ్వ అంటుండె. నాకు ఒక్కటే ఇందంగ చేటైంది. కప్పు కూలిన సంగతి అడగవచ్చినోళ్ళకు అన్ని జెప్పిన. గిదొక్కటి జెప్పలే. దేవవ్వకు గూడ జెప్పలే."

హనుమంతు మాస్టరు దగ్గర ఎనభై నాలుగు ఆసనాలు ఉన్నాయి. ఆ మాటకు సరిపోయే ఆసనం ఒక్కటీ లేదు. "పోశం, ఊపిరికైతె నా తాన ఇగురం ఉన్నది. గీ మాటకు లేదు. గిది ఎవరికి జెప్పాల్నో నీకు తెలుసు, నేను జెప్పెడిది లేదు. అప్పటిదాంక రోజు రా. ఎంత వస్తె అంత ఇడువు" అన్నాడు.

ఎవరికి చెప్పాలో పోశానికి తెలుసు. మూడో ఇల్లు. సారయ్య భార్య సరోజన. ఏడు నెలలుగా ఆ ఇంటి ముందునుంచి పోతూ తల ఎత్తింది లేదు. ఆమె "ఏమన్నా, పాణం మంచిగున్నదా?" అని గడపలోంచి పలకరిస్తే, ఊఁ అని పాదాలు చూసుకుంటూ నడిచిపోయేవాడు. ఇప్పుడు పోయి ఏమని చెబుతాడు? అమ్మా, నేను నవ్వాను, నీ మొగుడు పోయాడు, అని చెబుతాడా? మింగలేడు, కక్కలేడు. రోజూ మైదానానికి పోయాడు, రోజూ తుమ్మెద చప్పుడు చేశాడు. చప్పుడు జానెడు పెరిగింది. ఒకట్రెండు పగళ్ళు చాప మీద కళ్ళు కూడా మూశాడు. కానీ ఇంటి గడప దాటడం మాత్రం కాలేదు. పైన మబ్బులు రోజుకింత దిగుతూనే ఉన్నాయి.

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, లైనంతా చేపల కూర వాసన. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా ఉబ్బసం పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. దేవవ్వ కూర వాకిట్లోనే వండింది. పడమర నల్లగా కమ్ముకొచ్చింది. చుట్టుపక్కల వాళ్ళంతా మంచాలు ఎత్తి లోపల వేసుకుంటున్నారు. ఒక్కొక్క మంచం లోపలికి పోతుంటే, వాకిట్లో చివరికి రెండే మంచాలు మిగిలాయి, పోశానిదీ దేవవ్వదీ. దేవవ్వ ఒక్క మాటా అనలేదు. ఎక్కణ్ణించో పాత తాటిపత్రి గుడ్డ ఒకటి తెచ్చి తన మంచం మీద కప్పుతోంది. తిట్టినా బాగుండేది. పోశం ఆమెను చూశాడు. చూసి, లేచి, మూడో ఇంటికి నడిచాడు.

సరోజన గడప దగ్గర కూచొని చాటలో బియ్యం ఏరుతోంది. అతను వాకిట్లో నిలబడగానే మొదటి చినుకులు పడ్డాయి.

"అగో, అన్నా! లోపటికి రా, తడుస్తున్నవ్."

"ముందుగాల ఓ మాట జెప్పాలె చెల్లె. ఇన్నంక రమ్మంటవో పొమ్మంటవో నీ ఇష్టం."

వాన కింద నిలబడే చెప్పాడు. కప్పు కొట్టడం, వెనక నుంచి సారయ్య మాట, నవ్వు, ఊపిరి వదలడం, మళ్ళీ కొట్టకపోవడం. ఒక్కటీ దాచలేదు. సరోజన చెయ్యి చాటలో ఆగిపోయింది. ఆమె తిడుతుందని, చాట ఎత్తి విసురుతుందని, శాపనార్థాలు పెడుతుందని అతను కాచుకొని ఉన్నాడు. వాన పెరిగింది.

"ఏమన్నడు?" అంది.

"ఏందమ్మా?"

"నీకు గంత నవ్వొచ్చేటట్టు ఏమన్నడని అడుగుతున్న."

ఇది మాత్రం పోశం అనుకోని ప్రశ్న. తడబడ్డాడు. "అది... ఆ దినం బావ తన బువ్వ గిన్నె ఇప్పితె, అందుల రొట్టె లేదు. బొగ్గుపెళ్ళ ఉన్నది. మంచిగ తుడిచి, బట్టల కట్టి..."

సరోజన చాట కింద పెట్టేసింది. ముఖం పాలిపోయింది. పైన పెద్ద ఉరుము ఉరిమింది. ఆమె వానలోకి దిగి అతని రెక్క పట్టుకొని గడప లోపలికి లాగింది. "జెప్పు. మొత్తం జెప్పు. కోపానికొచ్చిండా? నన్ను తిట్టిండా?"

"తిట్టుడా! పక్కన ఉల్లిగడ్డ గూడ ఉన్నది. 'చూడు బావా, బొగ్గు పెట్టింది గని నంజుకోను ఉల్లిగడ్డ మరువలే, నా మీద ఎంత పాణమో దానికి' అని అందరికి చూపెట్టిండు. నా రొట్టెలు రెండు తిన్నడు ఎల్లిపాయ కారంతోని. ఆ ఉల్లిగడ్డ గూడ కొరికిండు. బొగ్గుపెళ్ళను మాత్రం పారెయ్యలే, పట్టుకునే తిరిగిండు. నేను కప్పు కొడుతుంటె ఎనుకకెళ్ళి వచ్చి, 'బావా, కప్పు సంగతి తర్వాత, ముందుగాల మా ఇంటిదాని వంట కొట్టి చూడు, గట్టిగున్నదా డొల్లనా' అన్నడు. గప్పుడు నవ్విన."

"ఆయన నవ్విండా?"

"నాకంటె ఎక్కువ నవ్విండు. నవ్వుకుంటనే ముందటికొచ్చిండు."

సరోజన గోడకు జారగిలబడి కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, కొంగు నోట్లో కుక్కుకొని ఊగిపోయింది. తర్వాత కొంగు తీసి చెప్పింది. "ముందటి దినం కల్లు తాగి వచ్చి నన్ను నాలుగు మాటలన్నడు. నాకు ఒళ్ళు మండి తెల్లారి బొగ్గు కట్టి పంపిన. ఎవలకు జెప్పుకోను అన్నా? ఆకలి కడుపుతోని, నన్ను తిట్టుకుంట పొయిండనుకున్న. ఏడు నెలల సంది రొట్టె ముట్టుకుంటె నా చెయ్యి కాలినట్టైతుండె. తిన్నడా, నిజంగ? రెండు తిన్నడా?"

"నీ మీద ఒట్టు. రెండు."

వాన పెంకుల మీద హోరెత్తుతోంది.

"నువ్వు మళ్ళ కొట్టాల్సుండె అన్నా" అంది సరోజన, నెమ్మదిగానే.

"కొట్టాల్సుండె."

"నేను రొట్టె పెట్టాల్సుండె."

పోశం ఛాతీలోంచి ఊపిరి బయలుదేరింది. మాస్టరు చెప్పి చేయించింది కాదు, తనంత తానే. పోతూనే ఉంది, పోతూనే ఉంది, ఇంత ఊపిరి లోపల ఎక్కడ దాక్కుందో అన్నట్టు. సరోజన అతనికి తుండుగుడ్డ ఇచ్చి, పొయ్యి రాజెయ్యడానికి లేచింది. అగ్గి ఊది వెనక్కి తిరిగేసరికి, తుండుగుడ్డ చేతిలో ఉండగానే, గోడకు తల ఆనించి పోశం నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. గురక మొదలైంది.

నెత్తిన గోనెసంచి కప్పుకొని, బురదలో జారుకుంటూ, మొగుణ్ణి వెతుక్కుంటూ దేవవ్వ వచ్చింది. గడపలో నిలబడి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆయన పైన వాసాలున్నాయి, వాసాల మీద పెంకులున్నాయి, అవి కారుతున్నాయి కూడా. ఆయన మాత్రం కదలడం లేదు. గబగబా లోపలికి వచ్చి భుజం పట్టుకోబోయింది. ఆడమనిషి ఒక్కతే ఉండే ఇల్లు, లైన్లో నలుగురు నాలుగు మాటలంటారు, అదీ ఆమె భయం.

"లేపకు వదినె" అంది సరోజన. "పండనియ్యి. గీ ఇంట్ల మొగోని గురక ఇనక ఏడు నెలలైంది."

దేవవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. పెంకుల సందులోంచి ఒక చుక్క జారి పోశం భుజం మీద పడింది, మెలకువ రాలేదు. ఇంకోటి పడకముందే ఆమె ఒక గిన్నె తెచ్చి ఆ చుక్క కింద పట్టుకొని కూచుంది.